పేరు కొట్టి కోర్టు కేసులు వెతికే వీలు అందరికీ ఉచితంగా ఉండాలా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు):
పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు అవతలివారి పేరును, కోర్టు కేసుల వివరాలు ఉండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతికి చూడటం ఇప్పుడు చాలా కుటుంబాల్లో మామూలైపోయింది. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకొని, కక్షిదారు పేరు, కేసు నమోదైన సంవత్సరం, క్యాప్చా అక్షరాలు ఇస్తే పైసా ఖర్చు లేకుండా కేసుల జాబితా వస్తుంది. ఇల్లు అద్దెకిచ్చేవారు, ఉద్యోగంలోకి తీసుకునేవారు కూడా ఈ దారే పట్టారు. ఈ వీలు ఉండాలనీ, ఉచితంగానే ఉండాలనీ నా అభిప్రాయం. పూర్వం ఇటువంటి వాకబుకు కోర్టులో తెలిసిన గుమాస్తా అయినా ఉండాలి, ఊళ్లో పలుకుబడి అయినా ఉండాలి. రెండూ లేని కుటుంబం మధ్యవర్తి మాట నమ్మి పిల్లనిచ్చేది. మొదటి భార్య వేసిన మనోవర్తి కేసు నడుస్తుండగానే రెండో సంబంధం చూసుకుంటున్న వ్యక్తి సంగతి పెళ్లికి ముందే తెలిస్తే తప్పేమిటో వ్యతిరేకించేవారు చెప్పాలి.

జిల్లా కోర్టు న్యాయవాది:
మీరు చెప్పిన అవసరం నిజమే. ఆ జాబితాను సరిగా చదవగలిగేవారు ఎంతమంది అన్నది నా ఆందోళన. శ్రీనివాసరావు అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒక కేసులో పూర్తిగా ముందుంటుంది, మరొక దానిలో పొడి అక్షరంగా మిగులుతుంది, ఇంకోచోట చివరికి పోతుంది. అందువల్ల గుంటూరు వంటి పెద్ద కోర్టు కాంప్లెక్స్‌లో ఆ పేరుతో వెతికితే సంబంధం లేనివారి కేసులు కుప్పగా వచ్చి, మీకు కావలసిన మనిషి కేసు మాత్రం కనిపించకపోవచ్చు. పైగా మీరు చూసింది ఒక జిల్లా, ఒక సంవత్సరం మాత్రమే. కేసు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే ఇక్కడ ఏమీ రాలేదన్న భరోసాకు విలువ లేదు.

దానికంటే ప్రమాదకరమైనది కనిపించిన కేసును తీర్పుగా చదవడం. వరకట్న వేధింపు కేసులో, అంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 498ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద, భర్తతోపాటు అత్తమామలు, వేరే ఊళ్లో కాపురముంటున్న ఆడపడుచు కూడా నిందితులుగా నమోదు కావడం మేము తరచుగా చూస్తాము. ఆ ఆడపడుచు పేరు వెతికినవారికి క్రిమినల్ కేసు అన్న మాట ఒక్కటే కనిపిస్తుంది. ‘డిస్పోజ్డ్’ (ముగిసింది) అని ఉన్నంత మాత్రాన కొట్టివేశారో, రాజీ అయిందో, శిక్ష పడిందో తెలియదు. లోపలి ఉత్తర్వు చదవాలి. అనుమానముంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉన్న సీఎన్‌ఆర్ నంబరును అవతలివారినే అడగండి. దానితో వచ్చేది ఆ ఒక్క కేసే, పేర్ల గందరగోళం ఉండదు.

పేరు చెప్పదలచుకోని సభ్యురాలు:
అబ్బాయి చరిత్ర తెలుసుకోవాలన్న తండ్రి బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఆ పేజీలో ఎదురుగా ఉన్న పేరు నాది. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరి కోర్టుకు వెళ్లినందుకు, కేసు ముగిసిన తరువాత కూడా ఒక ఉద్యోగపు ముఖాముఖిలో దాని గురించి నన్ను అడిగారు. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం కక్షిదారుల్లో ఎవరు కోరినా విచారణను ఆంతరంగికంగా జరపవచ్చు. హిందూ వివాహ చట్టంలోని 22వ సెక్షన్ విచారణ మూసిన గదిలోపలే జరగాలంటుంది, అక్కడి విషయాలను అచ్చువేయడాన్ని నిషేధిస్తుంది. గది తలుపులు మూసే న్యాయం, నా పేరు కొట్టిన ప్రతి అపరిచితుడికీ నా కేసును ఎందుకు చూపాలి?

సమాచార హక్కు కార్యకర్త:
సోదరి చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అది గొప్ప తీర్పు. కానీ అదే గోప్యత పేరుతో 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చివేసింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా అనవసరంగా గోప్యతను భంగపరిచే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించవచ్చన్న పాత పరిమితి పోయి, వ్యక్తిగత సమాచారమైతే చాలన్నట్టు తయారైంది. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చన్న 8(2) మిగిలింది గాని, దానికోసం అప్పీళ్ల చుట్టూ తిరగవలసినది సామాన్యుడే.

కాబట్టి ఎవరి వివరం అన్నది ముందు చూడాలి. ఓటు అడిగే అభ్యర్థి తన కేసులను, ఆస్తులను ప్రమాణపత్రంలో చెప్పి తీరాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అధికారం కోరేవారికి ఆ వెలుగు తప్పదు. న్యాయం కోరి వచ్చిన మహిళను అదే గాటన కట్టడం అన్యాయం.

కృష్ణాతీరం:
అలాగైతే నా ప్రతిపాదన ఇది. గృహహింస, మనోవర్తి, విడాకుల కేసుల్లో పిటిషనరు పేరును పేరు వెతుకులాట నుంచి తొలగించాలి, ప్రతివాది పేరు ఉంచాలి. కేసు నంబరు తెలిసినవారికి అంతా కనిపించనివ్వాలి.

పేరు చెప్పదలచుకోని సభ్యురాలు:
భర్త పేరు కొడితే వచ్చే పేజీలో భార్య పేరు లేకపోయినా, ఆయన భార్య ఎవరో ఊరందరికీ తెలుసు. పైగా విడాకులకు పిటిషను వేసింది భర్తే అయితే, మీ పద్ధతిలో దాగేది ఆయన పేరు, మిగిలేది నా వంటి వారి పేరు.

జిల్లా కోర్టు న్యాయవాది:
ఆ చిక్కు నిజమైనది. కేసు రకాన్నిబట్టి రెండు పేర్లూ దాచాలి తప్ప, ఒకరిని ఉంచి ఒకరిని తీసే పద్ధతి నిలవదు. డేటా రక్షణ చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. చట్టప్రకారం బహిరంగపరచవలసిన వివరాలకు అది వర్తించదని దాని 3వ సెక్షనులోనే ఉంది. కోర్టుల ఉత్తర్వులు కూడా ఒక దారిన లేవు. కుటుంబ వివాదాల్లో కక్షిదారులు కోరితే వారి వ్యక్తిగత వివరాలను వెబ్‌సైటులో పెట్టరాదని 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. నిర్దోషిగా విడుదలైన ఒకరి కేసు తీర్పును న్యాయ సమాచార వెబ్‌సైటు నుంచి తీసివేయమన్న మద్రాసు హైకోర్టు ఉత్తర్వుపై 2024 జూలైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అందుకే నా దగ్గరకు వచ్చే మహిళలకు నేను చెప్పేది, కేసు ముగిశాక తొలగింపు కోసం పోరాడటం కంటే, నడుస్తుండగానే పేర్లు దాచమని ఆ కోర్టులోనే దరఖాస్తు వేయడం తేలికని. సోదరి కేసు ముగిసిపోయింది గనుక, ఆమె హైకోర్టుకే వెళ్లవలసి రావచ్చు.