మొదటి బీసీడీ (స్కూబా డైవింగ్‌లో తేలుడు సర్దుకునే గాలి తిత్తి) కొంటున్నా: జాకెట్టా, వెనక తిత్తి ఉన్నదా, ప్లేటూ వింగూనా?

కొబ్బరాకు (అమలాపురం)

ఓపెన్ వాటర్ (డైవింగ్ మొదటి కోర్సు) అయింది, ఇప్పటికి 14 డైవులు. అన్నీ అద్దె జాకెట్‌తోనే. ఇకమీదట ఏడాదికి నాలుగైదు రోజులు అండమాన్, వీలైతే మధ్యలో విశాఖ. నా బరువు 72 కిలోలు. 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, అక్కడ అద్దెకిచ్చే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్, మునగడానికి నడుముకి 6 కిలోల సీసం.

సొంతది కొందామంటే తలా ఒకటి చెబుతున్నారండి. జాకెట్ తీసుకో అని ఒకరు, వింగ్ (వీపు మీది లోహపు ప్లేటుకి బిగించే గాలి తిత్తి) తప్ప వేరేది వద్దని ఇంకొకరు, ఈ రెంటికీ మధ్యలో బ్యాక్ ఇన్‌ఫ్లేట్ (గాలి వెనక మాత్రమే నిండే రకం) అని మరొకరు. నాకు తేలాల్సినవి మూడు. వెనక గాలి ఉంటే నీళ్ల పైన మొహం ముందుకి తోసేస్తుందంటారు, నిజమేనా? చలికాలంలో గోదారి తేటపడ్డాక ఒకటి రెండుసార్లు దిగాలనుంది, అదే బీసీడీ పనికొస్తుందా? మధురపూడిలో విమానం ఎక్కితే లగేజీ 15 కిలోలే, అందులో ఏది ఇముడుతుంది?

ధవళేశ్వరం లాకు

ముందు రకం సంగతి పక్కన పెట్టి సీసం లెక్క చూడండి. ఏది కొనాలో ఆ లెక్కే సగం చెప్పేస్తుంది.

మీ సిలిండర్‌లో 207 బార్ ఒత్తిడికి నింపితే గాలి సుమారు 2,260 లీటర్లు, అంటే 2.7 కిలోల బరువు. నిండుగా ఉన్నప్పుడు ఆ సిలిండర్ సముద్రంలో ముప్పావు కిలో కిందకి లాగుతుంది, ఖాళీ అయ్యేసరికి రెండు కిలోల దాకా పైకి లాగుతుంది. మీ సీసంలో కొంత దీనికే పోతోంది. ఇంకొంత జాకెట్‌లోని నురుగు మెత్తకి పోతోంది. మెత్త మందంగా ఉన్న జాకెట్ గాలంతా తీసేసినా కిలో దాకా తేలుతుంది. దాన్ని ముంచడానికి మళ్లీ నడుముకి సీసం కట్టుకుంటున్నారన్నమాట.

స్టీలు బ్యాక్‌ప్లేట్ గాలిలో సుమారు 2.7 కిలోలు, నీళ్లలో 2.3 పైచిలుకు. మెత్త ఉండదు. కాబట్టి మీ 6 కిలోలు సముద్రంలో దాదాపు రెండున్నర, మూడుకి దిగుతాయి. పైగా ఆ బరువు నడుం దగ్గర కాకుండా ఊపిరితిత్తుల వెనక పడుతుంది. కాళ్లు కిందకి వేలాడి ఇసుక రేపే సమస్య చాలామందికి ఇక్కడే తీరుతుంది.

ఇక గోదారి. మంచినీళ్లు సముద్రపు నీళ్లకంటే రెండున్నర శాతం తేలిక. మీరూ సామానూ కలిపి వంద కిలోలనుకుంటే, అక్కడ రెండున్నర కిలోల సీసం తక్కువ చాలు. స్టీలు ప్లేటు కట్టుకుంటే నడుముకి కట్టాల్సింది ఇంచుమించు సున్నా. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అవసరం పడితే వదిలేయడానికి బరువే ఉండదు. అందుకని రెండు చోట్లా దిగేవాళ్లకి అల్యూమినియం ప్లేటు మేలు. గాలిలో 0.9 కిలో, నీళ్లలో అరకిలో చిల్లర. మిగతాది సీసం కట్టుకోండి, అది తీసి పారేయగలిగే బరువు. లగేజీకీ అదే సుఖం. అల్యూమినియం ప్లేటూ వింగూ కలిపి మూడు కిలోల లోపే, మెత్త జాకెట్ మూడున్నర నుంచి నాలుగు. సీసం ఎలాగూ అక్కడే ఇస్తారు.

వింగ్ సైజు దగ్గర చాలామంది పొరబడతారు. పెద్దది కొంటే భద్రం అనుకుంటారు. మీ వింగ్ మోయాల్సింది గాలి బరువు 2.7, లోతుకి వెళ్లాక సూటు నలిగి పోగొట్టుకునే తేలుడు ఒక రెండు కిలోలు. మీరు విప్పేశాక సామానంతా నీళ్ల మీద దానంతటదే తేలాలి కూడా. ఈ రెండు పరీక్షలకీ 13 నుంచి 14 కిలోల లిఫ్టు (తేల్చే శక్తి) చాలు. ఒక్క సిలిండర్‌కి 20 కిలోలు పైబడ్డ వింగ్ వేస్తే అంచులు సిలిండర్ చుట్టూ అట్టులా మడతపడిపోతాయి. గాలి ఆ మడతలో ఇరుక్కుంటుంది, వదలమన్నప్పుడు వదలదు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఆ గాలి రెట్టింపు అవుతుంది, గుర్తుంచుకోండి.

యానాం బోటు

పై లెక్కతో పేచీ లేదండి. కానీ ఆ వరసలో జాకెట్‌ని మరీ పక్కన పడేశారు.

అద్దె సామాను చోట జాకెట్ ఎందుకుంటుందంటే, గాలి పక్కలకీ ముందుకీ చుట్టుకుని ఉంటుంది. అలల మీద బోటు కోసం ఎదురుచూసేటప్పుడు ఏమీ చేయకుండానే నిటారుగా నిలబెడుతుంది. ఏడాదికి ఐదారు డైవులు చేసేవాళ్లకి అదేం చిన్న సుఖం కాదు. చిక్కల్లా సైజు. కొనేటప్పుడు సూటు వేసుకుని, జాకెట్ తొడిగి, గాలి పూర్తిగా నింపించి, నిండా ఊపిరి పీల్చి చూడండి. ఛాతీ బిగదీస్తే అది మీ సైజు కాదు. వదులుగా ఉన్నా కష్టమే. సిలిండర్ కిందికి లాగుతుంది, జాకెట్ చెవుల దాకా లేస్తుంది, మీరు మాత్రం అందులోంచి జారిపోతున్నట్టుంటారు.

మొహం ముందుకి తోయడం సంగతి. నిజమే, కానీ ఆ తప్పు బీసీడీది కొంతే. మూడు కారణాలు: నీళ్ల పైకి రాగానే గాలి బిర్రుగా నింపేయడం, సీసం అంతా బెల్టుకి ముందువైపు ఉండటం, ఖాళీ అయిన అల్యూమినియం సిలిండర్ వెనక తేలడం. మెడ తేలేంత వరకే గాలి కొట్టండి. ఒకటి ఒకటిన్నర కిలో సీసాన్ని సిలిండర్ పట్టీకున్న ట్రిమ్ పాకెట్లలోకి (బరువు సర్దుకునే చిన్న సంచుల్లోకి) మార్చండి. తర్వాత కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి, ఫిన్స్ (కాళ్ల తెడ్లు) కొద్దిగా ముందుకి చాపండి. తోయడం ఆగుతుంది.

బ్యాక్ ఇన్‌ఫ్లేట్ అంటారా, ప్లేటు లేని వింగే అది. మెత్త ఉంటుంది, సీసం పాకెట్లు ఉంటాయి, వాటి వెల్క్రో అరిగితే పాకెట్ డైవ్ మధ్యలో జారిపోతుంది. ప్లేటు పట్టీలు కొలిచి బిగించుకునే ఓపిక లేనివాళ్లకి బాగుంటుంది. మీకు ఆ ఓపిక ఉన్నట్టే కనిపిస్తోంది.

ఒకటి మాత్రం ఏ రకం కొన్నా నేర్చుకోవాలి. బల్లపరుపుగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్లేటర్ గొట్టం (బీసీడీలోకి గాలి నింపేదీ వదిలేదీ) ఎత్తి వదిలే బటన్ నొక్కితే గాలి బయటికి రాదు, ఎందుకంటే గాలి అప్పుడు నడుం వైపు చేరి ఉంటుంది. ఆ సమయంలో వెనక కింది డంప్ (గాలి వదిలే వాల్వ్) తాడు లాగాలి, ఆ వాల్వ్ ఉన్న వైపు తుంటి కాస్త పైకెత్తి. నిలువుగా ఉంటేనే ఎడమ భుజం ఎత్తి గొట్టం. కొత్తగా వింగ్‌కి మారినవాళ్లు పైకి కొట్టుకుపోయేది సగం సార్లు దీనివల్లే.

కోరంగి మడ

గోదారిలో దిగడం గురించి సీసం లెక్క తప్ప ఇంకేమీ ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా.

ఎర్రనీళ్లు తగ్గాక కూడా అడుగున పూడు మట్టి అలాగే ఉంటుంది. ఫిన్ ఒక్కసారి తగిలితే మీ చెయ్యి మీకే కనపడదు. అక్కడ జాకెట్టా వింగా అన్నది రెండో మాట. మొదటి మాట వలలు. తెగిన నైలాన్ వల నీళ్లలో కనిపించదు, వేలాడేది ఏదున్నా పట్టుకుంటుంది: ఆక్టోపస్ (ఊపిరికి అదనంగా ఉంచుకునే గొట్టం), గాలి ఒత్తిడి చూపే గేజి, నడుం పట్టీ చివర మిగిలిన మూర. అన్నీ ఒంటికి అంటుకునేలా కట్టండి. దారం కోసే కత్తి రెండు చేతులకీ అందే చోట, ఛాతీ పట్టీ మీద పెట్టుకోండి. ఈ ఒక్క విషయంలో ప్లేటూ వింగూ గెలుస్తాయి, తగులుకోవడానికి వాటి మీద పెద్దగా ఏమీ ఉండదు. ఒంటరిగా మాత్రం వద్దు. పైన తాడు పట్టుకుని మనిషి లేకుండా, ఆనకట్టకీ లాకులకీ దగ్గర అసలే వద్దు. మీ సర్టిఫికెట్ ఆ నీళ్లకి సరిపోదు.

మన మట్టి మెత్తటి బంక. ఇన్‌ఫ్లేటర్ బటన్ కాడలో చేరితే బటన్ నొక్కిన చోటే ఉండిపోతుంది, బీసీడీ దానంతటదే నిండిపోతూ ఉంటుంది. అలా జరిగితే ఇన్‌ఫ్లేటర్‌కి సిలిండర్ గాలి తెచ్చే సన్న గొట్టం కాలర్ (చివరి ఉంగరం) కుడిచేత్తో వెనక్కి లాగి ఊడదీయాలి, ఎడమచేత్తో గాలి వదులుతూ ఉండాలి. గ్లవ్స్‌తో, కళ్లు మూసుకుని, ఒడ్డున పదిసార్లు చేసి చూడండి. డంప్ వాల్వ్ కింద రేణువు ఇరుక్కుంటే బుడగలు సన్నగా కారతాయి. ఆ మూత చేత్తోనే తిప్పి తీయొచ్చు. స్ప్రింగూ బిళ్లా తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మర వంకర పోకుండా మళ్లీ పెట్టండి.

కడగడం: బయట మట్టి పూర్తిగా పోయేదాకా బటన్లు నొక్కకండి, నొక్కితే లోపలికి వెళుతుంది. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని గొట్టాలకి అందించేది) బిగించి, సిలిండర్ తెరిచి, ఇన్‌ఫ్లేటర్‌ని నీళ్లలో నానబెట్టి అప్పుడు నొక్కండి. తర్వాత నోటి గొట్టంలోంచి తిత్తిలో మూడోవంతు నీళ్లు పోసి, ఊదిపెట్టి, నాలుగు వైపులా తిప్పి, తలకిందులు చేసి గొట్టంలోంచి వంపేయాలి. వచ్చే నీళ్లు ఉప్పగా లేకుండా అయ్యేదాకా చేయండి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగి ఆరబెడితే ఉప్పు మళ్లీ లోపలే. చివరి తడుపు ఒక వాటర్ టిన్ను నీళ్లతో చేయండి, ఇరవై లీటర్లు చాలు.

ఎండలో వేయొద్దు. వసారాలో, సగం గాలి నింపి, లావుపాటి హ్యాంగర్‌కి. అటక మీద పెట్టారో, ఎలకలు తిత్తిని వదలవు.

కొబ్బరాకు (అమలాపురం)

అందరికీ ధన్యవాదాలండి. అల్యూమినియం ప్లేటు, 14 కిలోల వింగ్ అని మనసు కుదిరింది. గోదారి ప్రస్తుతానికి మానేశా. పట్టీలు ఎంత బిగువుగా ఉండాలి? సిలిండర్ జారకుండా ఏం చేయాలి?

ధవళేశ్వరం లాకు

భుజం పట్టీల కింద అరచెయ్యి బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. సూటు వేసుకునే కొలవండి. ప్లేటు పైఅంచు చెయ్యి వెనక్కి పెడితే వేళ్లకి తగలాలి, అందకపోతే ప్లేటు కిందకి ఉన్నట్టు. కాళ్ల మధ్య పట్టీ ప్లేటు పైకి జారకుండా ఆపుతుంది, దాన్ని మరీ బిగించకండి, వంగితే తెలుస్తుంది. సీసం బెల్టు ఆ పట్టీకి బయటే కట్టుకోండి. లోపల ఉంటే వదిలినప్పుడు పట్టీకి తట్టుకుని కిందపడదు.

సిలిండర్ పట్టీలు నైలానువైతే పొడిగా ఉన్నప్పుడు బిగించారంటే నీళ్లలో సాగుతాయి. ముందు తడిపి, తర్వాత బకిల్ వేయండి. వేశాక ప్లేటు పట్టుకుని సిలిండర్‌తో సహా నాలుగు అంగుళాలు ఎత్తి కుదపండి. జారితే విప్పి, ఇంకో వేలు మందం లాగి మళ్లీ వేయండి. వింగ్‌కి పట్టీలు దూర్చే రంధ్రాలుంటే సిలిండర్ అడ్డంగా కూడా ఊగదు, కొనేముందు అవి ఉన్నాయో లేదో చూసుకోండి.

యానాం బోటు

కొన్నాక అండమాన్‌లో మొదటి డైవ్ చివర, 50 బార్ మిగిలినప్పుడు బరువు చూసుకోండి. గాలంతా వదిలేసి, మామూలుగా ఊపిరి ఆపితే నీళ్లు కళ్లకి సరిగ్గా రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అప్పుడు ఎంత సీసం కావాలని లెక్క తేలితే అంతే కట్టండి, అద్దె షాపువాళ్లు ఇచ్చినంత కాదు.