చర్చ: చేతులు వణుకుతున్న మనిషిని రిమాండ్ పేరుతో సబ్ జైలుకు పంపొచ్చా?

రిమాండ్ వకీలు, చిత్తూరు
రోజూ తాగే మనిషిని చిన్న కేసులో అరెస్టు చేస్తారు. 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరు, అక్కడే రిమాండ్, చీకటి పడేసరికి సబ్ జైలు గేటు. అప్పటికి అతను చివరిసారి తాగి ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోయి ఉంటుంది. చేతులు వణుకుతుంటాయి, చొక్కా చెమటకు తడిసి ఉంటుంది. సబ్ జైల్లో రాత్రిపూట డాక్టరు ఉండడు. ప్రాణం మీదికి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. మతి చెదిరిన మనిషిది ఇంకో కష్టం: రోజూ వేసుకునే మాత్రలు ఇంట్లో ఉండిపోతాయి, ములాఖత్‌కు అమ్మ తెచ్చిన మాత్రలు గేటు దగ్గరే ఆగిపోతాయి.

ముందు ఆసుపత్రి, తర్వాతే జైలు అన్నది నా వాదన. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులనూ కలిపింది. కాబట్టి 'వాడు రోగి కాదు, తాగుబోతు' అనే గీత చట్టంలో లేదు.

పాత వార్డర్
వకీలు సార్, చదివేదానికి బాగుండాది. రాత్రిపూట సబ్ జైల్లో డ్యూటీ మీద ఎందరుంటారో మీకు తెల్సు. ఒకణ్ణి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఏఆర్ (సాయుధ పోలీసు) ఎస్కార్ట్ రావల్ల. బ్రహ్మోత్సవాలు, వీఐపీ బందోబస్తు అంటే ఎస్కార్ట్ రేపు అంటారు, ఎల్లుండి అంటారు. ఆలోపల మనిషికేమన్నా అయితే సంజాయిషీ మెమో మాకు వస్తాది. పోలీసోళ్లు 'రిమాండ్‌కు ఫిట్' అని డాక్టరు చీటీ తెస్తారు. చీటీ ఉండాక గేటు దగ్గర మేము వద్దంటామా? అడిగేదేదో చీటీ రాసినోళ్లను అడగండి.

క్యాజువాలిటీ నర్సు
ఆ చీటీ ఎలా తయారవుతుందో చెప్తాను. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. బీపీ, నాడి, ఒంటిమీద దెబ్బలు చూసి రాసేస్తారు. 'ఆఖరిసారి ఎన్ని గంటలకు తాగావు? రోజుకు ఎంత? ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా?' ఈ మూడు ప్రశ్నలు చీటీలో ఎక్కడా ఉండవు. తాగిన మత్తులో వచ్చినవాడికి నాడి బాగానే కొడుతుంది. మత్తు దిగాకే అసలు కథ మొదలవుతుంది. చీటీ అబద్ధమని నేననను, కానీ అది చెప్పేది ఆ గంట సంగతి మాత్రమే.

సైకియాట్రీ పీజీ
నర్సు మేడమ్ చెప్పింది ఈ చర్చకు ఆయువుపట్టు. లెక్క చూడండి. తాగడం ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, నిద్ర లేకపోవడం, గుండెదడ. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం: ఒంటిమీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం లేకపోతే చచ్చిపోయేది ఇక్కడే. జైలు లెక్కలో ఇది రెండో రాత్రి, మూడో రాత్రి. బ్యారక్‌లో మిగతావాళ్లు 'దయ్యం పట్టింది' అంటారు, సిబ్బంది 'నటిస్తున్నాడు' అంటారు, ఒంటరి సెల్లో వేస్తారు. ఫిట్స్ వచ్చే మనిషిని ఎవరూ చూడనిచోట పెట్టడమే అన్నిటికన్నా పెద్ద తప్పు.

మందు ఖరీదైనదేమీ కాదు. క్లోర్‌డయాజెపాక్సైడ్ ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఐదారు రోజుల్లో తగ్గించుకుంటూ పోతారు, కాలేయం చెడినవాళ్లకు లోరాజెపామ్. డ్రిప్పులో గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్ పడాలి. పస్తులున్న తాగుబోతుకు బి1 లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంకో మాట: అరుస్తున్నాడని, మతి చెదిరినవాళ్లకిచ్చే హాలోపెరిడాల్ ఒక్కటే పొడిచి వదిలేస్తుంటారు. అది ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది.

కాణిపాకం కుర్రోడు
గంజాయి వాళ్లకూ ఇంతేనా అన్నా?

సైకియాట్రీ పీజీ
గంజాయి ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి పోవడం. దాంతో ప్రాణం పోదు. కానీ గంజాయితో మతి చెదిరినవాడు వేరు, అతనికి వైద్యం కావాలి. ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలకు అలవాటైనవాళ్లు వాంతులు, విరేచనాలతో నీరసించిపోతారు. ట్రమడాల్‌తో ఫిట్స్ కూడా రావచ్చు. ముగ్గుర్నీ 'మత్తు కేసు' అని ఒకే గాటన కట్టడం వల్లే తప్పు మందు పడుతుంది.

స్టేషన్ రైటర్
మందుల సంగతి డాక్టర్లకు వదిలేద్దాం. ఆసుపత్రి మంచానికి బేడీ వేశారని గోల చేస్తారు కదా, దానికి జవాబు చెప్పండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 43వ సెక్షన్‌లో మత్తుమందుల నేరాలకు బేడీలు వేయొచ్చని స్పష్టంగా ఉంది.

రిమాండ్ వకీలు, చిత్తూరు
ఉంది. 'అరెస్టు చేసేటప్పుడు, కోర్టులో హాజరుపరిచేటప్పుడు' అని కూడా అక్కడే ఉంది. వార్డు మంచం ఆ రెండింటిలో ఏది? మంచానికి కట్టేయడం మీద సుప్రీంకోర్టు 1995లోనే అస్సాం కేసులో తేల్చింది. మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా కుదరదు. 2017 చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదంటుంది. కదలకుండా పట్టి ఉంచాలంటే 97 ప్రకారం వెంటనే హాని జరిగే ప్రమాదం ఉండాలి, సైకియాట్రిస్ట్ అనుమతి ఉండాలి. శిక్షగా అసలు వాడకూడదు.

స్టేషన్ రైటర్
మంచం మీంచి పారిపోతే సస్పెండ్ అయ్యేది ఎస్కార్ట్ కానిస్టేబుల్. మీరు కాదు.

రిమాండ్ వకీలు, చిత్తూరు
పారిపోయే మనిషికీ, డెలీరియంలో లేచి పరుగెత్తే మనిషికీ ఒకే బేడీనా? రెండోవాడు బేడీతో పెనుగులాడి మణికట్టు చీల్చుకుంటాడు.

పాత వార్డర్
బేడీ గురించి పది పోస్టులు రాస్తా ఉండారు. అసలు కత ఇంగోటి ఉండాది. మాత్రలు. లోపల నిద్రమత్తు తెచ్చే డయాజెపామ్ మాత్ర నాలిక కింద దాచి బీడీలకు అమ్ముకుంటారు. పిచ్చి మందుల వల్ల వచ్చే వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర అయితే ఇంగా గిరాకీ. అందుకే ఇంటినుంచి వచ్చేవి గేటు దగ్గర నిలబెడతాము. పగబట్టి కాదు.

సైకియాట్రీ పీజీ
ఇది నిజమైన ఇబ్బందే, దాన్ని కాదనను. దారులున్నాయి. మతి చెదిరినవాళ్లకిచ్చే రిస్పెరిడోన్ సిరప్ రూపంలో దొరుకుతుంది, కప్పులో పోసి ఎదురుగా తాగించొచ్చు. స్కిజోఫ్రీనియా పాత రోగికి ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ 25 మి.గ్రా. ఇంజెక్షన్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి సరిపోవచ్చు, అప్పుడు దాచుకోవడానికి మాత్రే ఉండదు. ఇంటి మాత్రలు ఆపితే మాత్రం జైలు డాక్టరు చేత అదే రోజు అదే మందు రాయించాలి. స్కిజోఫ్రీనియాకే వాడే క్లోజపైన్ 48 గంటలకు మించి ఆగిపోతే పాత మోతాదు ఒకేసారి ఇవ్వకూడదు, మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి ఎక్కాలి. వారం తర్వాత గుర్తొచ్చి పాత 300 మి.గ్రా. ఇస్తే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. మూడ్ మార్పుల జబ్బుకు లిథియం వేసుకునేవాడికి ఎండాకాలంలో బ్యారక్‌లో నీళ్లు చాలకపోతే మందే విషమవుతుంది.

రిమాండ్ వకీలు, చిత్తూరు
వీటిలో ఏదీ రికార్డులోకి రాదు. 2017 చట్టం 103వ సెక్షన్ ప్రకారం జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు నివేదిక పంపాలి. ఏమని? 'ఈ జైల్లో మానసిక వ్యాధి ఉన్న ఖైదీలు లేరు' అని ధ్రువీకరిస్తూ. చట్టంలోని వాక్యమే అలా ఉంది. ఆ వాక్యాన్ని యథాతథంగా దించి సంతకం పెడితే పనైపోతుంది. బ్యారక్‌లో సగంమంది వణుకుతున్నా కాగితం మీద ఒక్కరూ లేరు.

అలిపిరి ఆటో
స్టేషన్ దగ్గర, బస్టాండు దగ్గర బట్టలు చిరిగి తిరిగేవాళ్లను కూడా ఏదో కేసు రాసి లోపలేస్తారు కదా? చాలామందిని ఇంట్లోవాళ్లే తెచ్చి తిరుపతిలో వదిలేసి పోతారు.

రిమాండ్ వకీలు, చిత్తూరు
వేయకూడదు. అదే చట్టం 100వ సెక్షన్: అలాంటి మనిషిని పోలీసు తన రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో గానీ జైల్లో గానీ ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు. నేరం చేయని మానసిక రోగుల్ని జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది.

పాత వార్డర్
తిరిగేవాళ్ల సంగతి ఒప్పుకుంటా. పాపం వాళ్లు. తాగుబోతులది వేరే. నాలుగు రోజులు వణికితే బుద్ధి వస్తాది. పెండ్లాన్ని కొట్టేటప్పుడు ఆ చెయ్యి వణకలేదు కదా.

రిమాండ్ వకీలు, చిత్తూరు
ఇప్పుడు బయటపడింది. ఎస్కార్ట్ లేదు, చీటీ ఉంది, మాత్రలు అమ్ముకుంటారు అని ఇంతసేపు చెప్పిన కారణాలన్నీ పక్కన పెట్టండి. మీ లెక్కలో ఆ వణుకే శిక్ష. కోర్టు ఇంకా నేరస్థుడనే అనలేదు, మీరు బ్యారక్‌లో మరణశిక్ష దాకా రానిస్తారు.

పాత వార్డర్
నోరు జారొద్దు సార్. ఫిట్స్ వచ్చినోడి తల కింద గుడ్డ పెట్టి కూర్చునేది ఎవురు? వకాలత్ తీసుకున్నోళ్లా?

స్టేషన్ రైటర్
మోడరేటర్ ఎవరన్నా ఉన్నారా?

సంఘం అక్క, పుంగనూరు
మీ ఇద్దరి కొట్లాటలో ఒకళ్లు కనబడడం లేదు. చాలా కేసుల్లో ఆ మనిషిని స్టేషన్‌కు పట్టించేది ఇంటి ఆడవాళ్లే. 'మూడు నెలలు లోపలే ఉంచండి సార్' అని కాళ్లు పట్టుకునేది కూడా వాళ్లే. ఎందుకు? ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌కు నెలనెలా కట్టడానికి డబ్బులుండవు. కొన్నిచోట్ల అక్కడ కూడా కట్టేసి కొడతారు. రాత్రిపూట బయటినుంచి తాళం పడేది, పైసా అడగనిది జైలు ఒక్కటే. వకీలు గారూ, మీరు ముందు ఆసుపత్రి అంటారు. మూడో రోజు డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపితే ఆ రాత్రి దెబ్బలు ఎవరికి? మీ పిటిషన్‌లో ఆమె పేరు ఉంటుందా?

రిమాండ్ వకీలు, చిత్తూరు
అక్కా, మీరడిగింది న్యాయం. మా పిటిషన్లలో ఆమె ఉండదు. ఉండాలి. కానీ ఆమె భద్రతకు అతని వణుకు పరిష్కారం కాదు. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద అతన్నే ఇల్లు విడిచి ఉండమని మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. 2017 చట్టం 89 కింద నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయాల్లో తోడుండే మనిషి) దరఖాస్తుతో, సైకియాట్రిస్ట్‌తో కలిపి ఇద్దరు విడివిడిగా పరీక్షించి అవసరమంటే, అతని ఇష్టం లేకపోయినా 30 రోజుల వరకూ ఆసుపత్రిలో చేర్చొచ్చు. గంజాయి చిన్న మోతాదు కేసైతే, అంటే కిలో లోపు, తనంతట తాను గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు ఒప్పుకొని పూర్తిచేసిన వ్యసనపరుడికి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం) 64ఏ కింద విచారణ నుంచి మినహాయింపు ఉంది.

సంఘం అక్క, పుంగనూరు
మంచం ఉంటే ఇవన్నీ బాగున్నాయి. కాగితం పట్టుకుని పోతే 'ఖాళీ లేదు, వారం తర్వాత రండి' అంటారు. ఆ వారం ఆమె ఎక్కడుండాలి?

సైకియాట్రీ పీజీ
అక్కా, ఒక్క విషయం చెప్పనివ్వండి. మూడు నెలలు లోపలుంటే అలవాటు పోదు, తట్టుకునే శక్తి పోతుంది. నొప్పి మాత్రలకో హెరాయిన్‌కో అలవాటైనవాడు బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. మద్యమైతే విడుదలైన సాయంత్రమే మళ్లీ మొదలు. వైద్యం లేని జైలు ఆమెకు ఇచ్చేది మూడు నెలల గడువు మాత్రమే.

సంఘం అక్క, పుంగనూరు
ఆ మూడు నెలలు కూడా ఆమెకు తక్కువ కాదు డాక్టర్ గారూ. అది చిన్నమాటగా అనకండి.

పాత వార్డర్
అక్క చెప్పిందే నేను చెప్పాలనుకున్నది, నాకు చెప్పేది రాలేదు. సరే వకీలు సార్, కోపం పక్కన పెట్టి ఒకటి చెప్తా. మాకు ఎస్కార్ట్ ఎప్పుడు టయానికి వస్తాదో తెల్సునా? వారెంట్ మీద కోర్టు రాసినప్పుడు. మేము ఫోన్ చేస్తే రేపు అంటారు. 'ఫలానా టయానికి ఆసుపత్రిలో చూపించి రిపోర్టు పెట్టండి' అని మెజిస్ట్రేట్ రాస్తే ఆ పొద్దే వస్తారు. మీరు రిమాండ్ అప్పుడు అడగరు, బెయిల్ ఒక్కటే అడుగుతారు.

రిమాండ్ వకీలు, చిత్తూరు
ఇది పనికొచ్చే మాట. రిమాండ్ అప్పుడే కోర్టులో మెమో ఇలా పెట్టొచ్చు: 'నిందితుడు చివరిసారి మద్యం తాగింది ఫలానా తేదీ, ఫలానా గంట. రోజువారీ మోతాదు ఇంత. గతంలో ఫిట్స్ వచ్చాయి లేదా రాలేదు. ప్రస్తుతం వాడుతున్న మందులు ఇవి. జైలులో చేరే ముందే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగంలో చూపించి, 96 గంటలు దాటేవరకూ పరిశీలనలో ఉంచి, నివేదిక కోర్టుకు సమర్పించేలా ఆదేశించగలరు.' గంట రాయడం ముఖ్యం. గంట లేకపోతే డాక్టరుకు ఏ రాత్రి ప్రమాదమో తెలియదు.

క్యాజువాలిటీ నర్సు
ఆ మెమో కాపీ ఒకటి ఎస్కార్ట్ చేతికి ఇవ్వండి. కోర్టు ఫైల్లో ఉంటే మాకు కనబడదు.

స్టేషన్ రైటర్
ఆదివారం, పండగ రోజుల్లో మెజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపెడతాం. అప్పుడు వకీలు ఉండడు. మెమో ఎవరు రాస్తారు?

రిమాండ్ వకీలు, చిత్తూరు
జిల్లా న్యాయసేవాధికార సంస్థ రిమాండ్ న్యాయవాదికి మీరు స్టేషన్ నుంచే ఫోన్ చేయాలి. చేస్తారా?

స్టేషన్ రైటర్
నంబరు స్టేషన్ గోడ మీద రాయించండి, చేస్తాం.