ఏసీ నడుస్తూనే ఉంది, గది చల్లబడటం లేదు. గ్యాస్ నింపించాలా?

అడిగినవారు (విజయవాడ):
అందరికీ నమస్కారం. మాది అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు. 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, కొని మూడేళ్లు దాటింది, పోయిన వేసవి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఆన్ చేస్తే సాయంత్రమైనా గది 30 డిగ్రీల దగ్గరే ఉండిపోతోంది. గాలి జోరుగానే వస్తోంది కానీ అందులో చల్లదనం లేదు. విచిత్రం ఏంటంటే రాత్రి పదకొండు దాటాక మామూలుగానే చల్లబడుతుంది. సర్వీసు అబ్బాయి వచ్చి గాలికి చెయ్యి అడ్డంపెట్టి చూసి గ్యాస్ అయిపోయింది, నింపితే మూడున్నర వేలు అవుతుంది అన్నాడు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఈ ఎండలకి టెన్షన్‌గా ఉంది. నింపించెయ్యమంటారా?

జవాబు (ఖమ్మం):
అన్నా, ముందు రిమోట్ చూడండి. ఇప్పుడొచ్చే కన్వర్టిబుల్ ఏసీల్లో కెపాసిటీని 40 శాతం, 60 శాతం అని తగ్గించుకునే బటన్ ఉంటుంది. పిల్లలెవరైనా అది నొక్కేస్తే ఏసీ బాగానే ఉన్నా సగం బలంతోనే నడుస్తుంది. ఎకో, డ్రై మోడ్‌లలో లేదని కూడా చూసుకోండి. మాకు తెలిసినవాళ్లింట్లో ఇదే జరిగింది, మెకానిక్ వచ్చి బటన్ నొక్కి విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లాడు.

జవాబు (విశాఖ, ఏసీ మెకానిక్):
నింపించకండి, ఇంకా నింపించకండి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. ఆ లీకేజీ ఎక్కడో చూపించకుండా గ్యాస్ మాత్రం నింపుతాననేవాడికి డబ్బులివ్వక్కర్లేదు. ఇంకో సంగతి, గ్యాస్ నిజంగా తగ్గితే రాత్రి కూడా తేడా తెలుస్తుంది. మీకు రాత్రి బాగుంటోంది కాబట్టి నా అనుమానమంతా అవుట్‌డోర్ యూనిట్ మీదే.

మీ చేత్తోనే చూసుకోగలిగినవి కొన్ని చెప్తాను. ఇండోర్ మూత పైకెత్తి ఫిల్టర్లు తీసి కడగండి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. తర్వాత ఏసీని అతి తక్కువ టెంపరేచర్‌లో, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి ఇరవై నిమిషాలు నడవనిచ్చి, మామూలు డిజిటల్ థర్మామీటర్‌తో ఇండోర్ పైభాగంలో లోపలికి వెళ్లే గాలిని, కింద బయటికొచ్చే గాలిని కొలవండి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ తన పని చేస్తున్నట్టే, అప్పుడు తప్పు గదిది. అంతకంటే బాగా తక్కువుంటే అవుట్‌డోర్ దగ్గరికి వెళ్లండి. ఫ్యాన్ తిరుగుతోందా? అక్కడ రెండు రాగి పైపులు బిగించి ఉంటాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది. రెండూ చల్లగా ఉండి లావు పైపు మీద చెమట పట్టినట్టు నీళ్లుంటే గ్యాస్ గురించి దిగులక్కర్లేదు. సన్న పైపు మీద మాత్రం తెల్లగా మంచు పట్టి, లావుది పొడిగా, వెచ్చగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. అవుట్‌డోర్ కవర్ మాత్రం విప్పకండి, కరెంటు తీసేసినా లోపల కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది, గట్టిగా కొడుతుంది.

అడిగినవారు:
మోడ్ సరిగ్గానే ఉంది. ఫిల్టర్లు కడిగాను. లోపలికి వెళ్లే గాలి 31, బయటికొచ్చేది 26, అంటే తేడా 5 డిగ్రీలే. అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోంది, రెండు పైపులూ చల్లగానే ఉన్నాయి, లావు దాని మీద తడి కూడా ఉంది. అవుట్‌డోర్ వంటగది వెనక బాల్కనీలో ఉంది. పావురాల బాధ పడలేక ఈ చలికాలంలో ఆ బాల్కనీకి స్లైడింగ్ అద్దాలు పెట్టించాం. ఇందాక అక్కడ నిలబడితే బయట ఎండలో కంటే ఎక్కువ వేడిగా ఉంది.

జవాబు (విశాఖ, ఏసీ మెకానిక్):
దొరికింది. అవుట్‌డోర్ వెనక నుంచి గాలి పీల్చుకుని, గదిలోంచి తెచ్చిన వేడిని కలిపి ముందు నుంచి ఊదేస్తుంది. ముందు అద్దం ఉంటే ఆ వేడిగాలి తగిలి తిరిగి వెనక్కే వస్తుంది, దాన్నే మళ్లీ పీల్చుకుంటుంది. కంపెనీ రాసే టన్నుల లెక్క, అంటే ఏసీ చల్లబరిచే శక్తి, బయట 35 డిగ్రీలున్నప్పటిది. బెజవాడ ఎండ 42, మూసిన బాల్కనీలో 50 దాటిపోతుంది, అప్పుడు గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ కాలిపోకుండా ఇన్వర్టర్ ఏసీ తనంతట తానే దాని స్పీడ్ తగ్గించేసుకుంటుంది. రాత్రి బయట చల్లబడ్డాక మీ ఏసీ తేరుకునేది అందుకే. ముందు ఆ అద్దాలు పూర్తిగా తెరవండి. తర్వాత ఏసీకి కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, యూనిట్ వెనక రేకుల్లాంటి కాయిల్ చూడండి, దుమ్ము, పావురం ఈకలు కలిసి దుప్పటిలా పట్టి ఉంటాయి. మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపి, మొక్కలకు పట్టే పైపుతో మెల్లగా నీళ్లు కొట్టండి. జెట్ పంపు దగ్గరగా పెడితే ఆ రేకులు వంగిపోతాయి. వైర్లు వెళ్లే పక్క తడవనివ్వకండి, బాగా ఆరాకే ఆన్ చెయ్యండి.

జవాబు (కరీంనగర్):
మీది పైఅంతస్తు కదండీ, స్లాబ్ సంగతి కూడా చూడండి. పగలంతా కాగిన స్లాబ్ సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకే వదుల్తుంది. మేము తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించాం, సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తేనే తేడా తెలుస్తోంది. ఆ ఖర్చు పెట్టడం నాకైతే సబబే అనిపించింది.

అడిగినవారు:
అద్దాలు తెరిచి, వెనక శుభ్రం చేశాం. ఒక సంచికి సరిపడా ఈకలు, పీచు వచ్చాయి. తేడా ఇప్పుడు 10 డిగ్రీలు. మిట్టమధ్యాహ్నం కూడా గది 26కి దిగుతోంది, అమ్మ హాయిగా పడుకుంటున్నారు. చాలా చాలా థ్యాంక్స్ అండి. ఇంక రెండు అడుగుతాను. పావురాలకు ఏం చెయ్యాలి? రేపెప్పుడైనా నిజంగానే గ్యాస్ తగ్గితే మెకానిక్‌తో ఏం మాట్లాడాలి?

జవాబు (విశాఖ, ఏసీ మెకానిక్):
పావురాలకు అద్దం బదులు నైలాన్ వల కట్టించండి, గాలికి అడ్డం రాదు, యూనిట్‌కి తగలకుండా బాల్కనీ అంచున బిగించమనండి. గ్యాస్ సంగతికొస్తే, ముందు సబ్బు నురగ పూసి లీకేజీ ఎక్కడో చూపించమనండి, ఎక్కువగా పైపులు కలిసే నట్ల దగ్గరే బుడగలు వస్తాయి. దాన్ని సరిచేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగెయ్యాలి. ఆ తర్వాత గ్యాస్‌ని కాటా మీద తూచి ఎక్కించాలి, ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ మీద అంటించిన స్టిక్కర్‌లోనే రాసి ఉంటుంది, ఏ గ్యాసో కూడా అక్కడే ఉంటుంది. మీది ఆర్32 అయ్యుంటుంది, దానికి అంటుకునే గుణం ఉంది, కాబట్టి లోపల గ్యాస్ ఉండగా పైపుకి మంట పెట్టి వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోకండి. కాటా, వ్యాక్యూమ్ పంపు తెచ్చుకుంటారా అని ఫోన్‌లోనే అడిగి పిలవండి.