మాలా-ఎన్ మాత్రలలోని హార్మోన్లు రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచుతాయా?

ప్రశ్న:
నాకు 34 ఏళ్లు. రెండో కాన్పు తరువాత నాలుగేళ్లుగా మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. నిరుడు మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఇలాంటి కృత్రిమ హార్మోన్ల వల్ల ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలు పెరిగాయని చదివినప్పటి నుంచి, రాత్రి భోజనమయ్యాక ఆ తెల్ల మాత్ర చేతిలోకి తీసుకోవాలంటేనే భయం వేస్తోంది. ఇది నిజమేనా? మానేయమంటారా?

మొదటి సమాధానం:
మీరు చదివినది నిజమేనండి. నేను కొన్నేళ్లు ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచాను. 1970లో అమెరికాలో ఒక క్రైస్తవ సన్యాసినికి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన ఆ కణాలలో ఈస్ట్రోజన్ గ్రాహకాలు (ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను వచ్చి అతుక్కునే ప్రొటీన్లు) మెండుగా ఉంటాయి. మీ మాత్రలోని ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ నేరుగా ఆ గ్రాహకాలను పట్టుకుంటుంది. మీ మాత్రలోని రెండో హార్మోను లెవోనార్జెస్ట్రెల్ వర్గపు ప్రొజెస్టిన్లు (ప్రొజెస్టరాన్‌ను పోలిన కృత్రిమ హార్మోన్లు) సైతం, మోతాదు పెంచితే, అదే గ్రాహకం ద్వారా కణ విభజనను వేగవంతం చేస్తాయి. అయితే, కణాలను పెంచే పోషక ద్రవంలో ఆమ్లత్వాన్ని రంగుతో చూపేందుకు కలిపే ఫినాల్ రెడ్ కూడా ఈ కణాలను పెంచుతుందని 1986లో తేలింది. అందుకే మేము ఎర్రరంగు లేని ద్రవాన్నే వాడేవాళ్లం. ఇంత సున్నితమైన కణాలు, అప్పటికే క్యాన్సరుగా మారినవి, ఇచ్చే ఫలితాన్ని ఆరోగ్యవంతురాలి శరీరానికి యథాతథంగా అన్వయించకూడదు.

రెండో సమాధానం:
మనుషులలో ఏం జరుగుతుందో 2017లో డెన్మార్క్ పరిశోధకులు 18 లక్షల మంది స్త్రీల వివరాలతో లెక్కించారు. హార్మోన్ గర్భనిరోధకాలు వాడేవారిలో ముప్పు సుమారు 20 శాతం ఎక్కువగా కనిపించింది; అంటే ఏడాదికి 7,690 మందిలో ఒకరికి అదనంగా వ్యాధి వస్తుందన్నమాట. 35 ఏళ్ల లోపు వారిలో అదనపు కేసులు ఏడాదికి లక్ష మందికి రెండే. మానేసిన పదేళ్లకు తేడా కనిపించలేదని 1996 నాటి ఆక్స్‌ఫర్డ్ విశ్లేషణ చెప్పింది. ముప్పు చిన్నదే, కానీ లేదని చెప్పడం న్యాయం కాదు. ఇవే మాత్రలు అండాశయ, గర్భాశయ లోపొర క్యాన్సర్ల ముప్పును తగ్గిస్తాయన్నది కూడా మీరు లెక్కలోకి తీసుకోవాలి.

మూడో సమాధానం:
అమ్మా, నేను ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. వేరే ఏర్పాటు లేకుండా షీటు మధ్యలో ఆపకండి, గర్భం నిలిచే అవకాశం ఉంటుంది. హార్మోన్లు వద్దనుకుంటే కాపర్-టి ఉంది; స్టెరాయిడ్ హార్మోను లేని ఛాయ మాత్ర ఉంది, దాన్ని మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి చొప్పున వేసుకోవాలి. ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మాత్రం మీ భయానికి విరుగుడు కాదు, అందులో ఉన్నదీ ప్రొజెస్టినే. మేనత్తకు ఏ వయసులో వచ్చిందో, తండ్రి వైపు ఇంకెవరికైనా ఉందో కనుక్కుని డాక్టరు గారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అత్తకు 61వ ఏట వచ్చింది, ఇంకెవరికీ లేదు. ఈ షీటు పూర్తి చేసి, కాపర్-టి గురించి డాక్టరు గారిని అడుగుతాను.