హాస్టల్ మెస్‌లో తింటూ బరువు తగ్గడం ఎలా? కళ్ళు తిరిగి పడ్డాక అడుగుతున్నాను

ఎంవీపీ హాస్టల్ పిల్ల:

నమస్కారం అండీ. మాది పార్వతీపురం వైపు పల్లె. వైజాగ్‌లో బీటెక్ రెండో సంవత్సరం. చేరినప్పుడు 62 కేజీలు ఉండేదాన్ని, ఇప్పుడు 71. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఏడాదిన్నరలో తొమ్మిది కేజీలు పెరిగాను. సంక్రాంతికి ఇంటికెళ్తే మా పిన్ని గుమ్మంలోనే "హాస్టల్ తిండి బాగా వంటబట్టిందే" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తిరిగొచ్చాక ఉదయం టిఫిన్ మానేసి నిమ్మరసం తేనె, మధ్యాహ్నం కొంచెం అన్నం, రాత్రి రెండు చపాతీలు అని మొదలుపెట్టాను. పది రోజుల్లో మూడు కేజీలు తగ్గాను. పదకొండో రోజు ల్యాబ్‌లో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి కింద కూర్చుండిపోయాను. భయపడి మామూలుగా తినేసరికి మూడు వారాల్లో ఆ మూడూ తిరిగొచ్చాయి. జుట్టు కూడా రాలుతోంది.

రూమ్‌లో పొయ్యి, కెటిల్ ఏవీ ఉండకూడదు. మెస్‌లో అన్నం ఎంతైనా పెడతారు, కూర మాత్రం ఒక్క గరిటె. గుడ్డు వారానికి రెండుసార్లు, ఆదివారం చికెన్. నెలకు అయిదారు వందలకు మించి విడిగా ఖర్చు పెట్టలేను. ఏం చేయాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గాజువాక తమ్ముడు:

అక్కా, మా ఫ్రెండ్ వాళ్ళ అన్నయ్య ఒక పౌడర్ అమ్ముతాడు. రెండు పూటలా అదే తాగాలి, 21 రోజుల్లో ఎనిమిది కేజీలు గ్యారంటీ. కావాలంటే నంబర్ ఇస్తాను.

సీతమ్మధార డైటీషియన్:

తమ్ముడూ, నంబర్ వద్దు. ఆ అమ్మాయి ఒకసారి ఆకలితో పడిపోయానని రాసింది. మళ్ళీ అదే పని డబ్బిచ్చి చేయమంటున్నావు.

అమ్మా, ముందు నీ తొమ్మిది కేజీల సంగతి చూద్దాం. ఒక కేజీ కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. తొమ్మిదికి దాదాపు 69,000. ఏడాదిన్నర అంటే 540 రోజులు. భాగిస్తే రోజుకు 130 కేలరీలు కూడా రావు. శరీరం లెక్క ఇంత సూటిగా నడవదు గానీ, విషయం అర్థం కావడానికి ఇది చాలు. చక్కెర బాగా వేసిన రెండు హాస్టల్ టీలు ఇంచుమించు అంతే. ఒక చిన్న కూల్‌డ్రింక్ సీసా దాదాపు అంతే. నువ్వేమీ బకాసురుడిలా తినలేదు. రోజూ కాస్త కాస్తగా చేరింది. పోయేది కూడా అలాగే పోవాలి. వారానికి అర కేజీ తగ్గితే చాలు, అంతకంటే తొందర వద్దు.

పది రోజుల్లో పోయిన మూడు కేజీల్లో ఎక్కువ భాగం నీళ్ళే. తిండి బాగా తగ్గించగానే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది, దానితో పట్టి ఉన్న నీరూ పోతుంది. మళ్ళీ తినగానే ఆ నీరు తిరిగొస్తుంది. అది నీ ఓటమి కాదు.

నీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత, 28.4. మన దేశంలో వాడే కొలత ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. కాబట్టి తగ్గాలనుకోవడం సబబే. నడుము కూడా టేపుతో కొలిచి రాసిపెట్టుకో. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది.

ఇంకొక్కటి. కళ్ళు తిరగడం, జుట్టు రాలడం, బరువు పెరగడం మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. నెలసరి సరిగ్గా రాకపోతే అది కూడా డాక్టరుకు చెప్పు. ఖర్చుకు వెనకాడితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఓపీ ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, క్యూ ఉంటుంది.

ఎంవీపీ హాస్టల్ పిల్ల:

థాంక్యూ మేడమ్. 130 కేలరీల లెక్క చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. టీలు రోజుకు మూడు తాగుతాను. నెలసరి ఆలస్యం అవుతూ ఉంటుంది, అమ్మకి కూడా చెప్పలేదు. ఈ వారమే వెళ్తాను. మరి అన్నం పూర్తిగా మానేసి చపాతీకి మారాలా?

పెదవాల్తేరు మాజీ హాస్టలర్:

నేను ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేసేటప్పుడు 11 కేజీలు తగ్గినవాణ్ణి చెల్లీ. ఏడాది పట్టింది. డైటీషియన్ గారు తప్పుంటే సరిదిద్దండి.

అన్నం, చపాతీ గొడవలో నేనూ ఆరు నెలలు వృథా చేశాను. వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల గోధుమపిండికీ కేలరీలు దాదాపు సమానమే. పీచు పిండిలో ఎక్కువ, అది నిజం. కానీ మెస్ చపాతీ మీద నూనె మెరుస్తుంటుంది, దానికి తోడు ఆలూ కుర్మా. మూడు చపాతీలు తిని "ఇవాళ డైట్ చేశాను" అనుకుని పడుకునేవాణ్ణి.

మెస్ లోపం ఎక్కడుందో నువ్వే రాశావు. అన్నం ఎంతైనా, కూర ఒక్క గరిటె. ఖాళీ కంచం పట్టుకుని వెళ్తే ముందు అన్నం కొండలా పడుతుంది, తర్వాత దాన్ని తడపడానికి పప్పు, సాంబారు, చారు, పెరుగు. నేను చేసింది క్రమం తిప్పడం. ముందు కూర, తర్వాత పప్పు. మెస్ పప్పు పైన నీళ్ళు తేలుతుంది, గరిటె అడుగుకి పోనిచ్చి ముద్దగా తీసుకునేవాణ్ణి. వడ్డించే మామయ్యతో స్నేహం చేసుకుంటే రెండో గరిటె కూర కూడా పడుతుంది, ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. అన్నం చివర. ఒక చిన్న గిన్నె కొనుక్కుని దానితోనే కొలిచేవాణ్ణి. వండిన అన్నం 150 గ్రాములు అంటే 200 కేలరీల లోపే. అలాంటి గిన్నెడు అన్నం సాంబారుతో, మరో అర గిన్నె అన్నం పెరుగుతో తినేవాణ్ణి. మొదటి వారం ఆకలేసింది, తర్వాత అలవాటైంది.

టిఫిన్ మాత్రం మానకు. నేను మానేసిన రోజుల్లో సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచ్‌లో బజ్జీల బండి ముందు ప్రత్యక్షమయ్యేవాణ్ణి. ఆ ఆకలికి రెండు ప్లేట్లు కూడా ఆనవు.

సీతమ్మధార డైటీషియన్:

సరిదిద్దడానికి ఏమీ లేదు బాబూ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని ఉంది. మెస్‌లో సగం కుదరదు, మూడో వంతు వచ్చినా గొప్పే.

ప్రొటీన్ సంగతి చెప్పాలి. కేజీ బరువుకు 0.83 గ్రాములు అనేది సాధారణ కొలత. అంటే ఈ అమ్మాయికి రోజుకు 59 గ్రాముల దాకా. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. మెస్ పప్పు, పెరుగుతో సగం రావచ్చు. మిగతాది బయటి నుంచి తెచ్చుకోవాలి. అది సరిగ్గా అందకుండా తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, జుట్టూ రాలుతుంది.

కంచరపాలెం అక్క:

అమ్మాయ్, మా పాప కూడా హాస్టల్లోనే ఉంది, అందుకే పొయ్యి లేని వంట నాకు బాగా తెలుసు.

ఎంవీపీ కాలనీలోనే రైతుబజార్ ఉంది కదా. ఆదివారం పొద్దున్నే వెళ్ళు. కీరా, క్యారెట్, టమాటా, జామకాయలు వారానికి సరిపడా తెచ్చుకో. కడిగి గుడ్డతో తుడిచి పెట్టుకుంటే పాడవ్వవు. భోజనానికి వెళ్ళేటప్పుడు ఒక కీరా, ఒక క్యారెట్ డబ్బాలో పట్టుకెళ్ళు. ఎవరో నవ్వుతారని సిగ్గుపడకు. మా పాపని చూసి నవ్వినవాళ్ళే వారం తిరక్కుండా "ఒక ముక్క ఇవ్వవే" అన్నారట.

పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు వంపేసి తడిగుడ్డలో మూటకట్టు. మర్నాటికి మొలకలు. ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలుపుకుంటే సాయంత్రం ఆకలికి బాగుంటుంది. కానీ మన ఊరి ఉక్కకి రెండో రోజు దాటితే వాసనొస్తాయి. జిగురుగా అనిపిస్తే మొహమాటం లేకుండా పారెయ్. పచ్చివి పడకపోతే పుట్నాలు, వేరుశెనగలు చాలు. వేరుశెనగలు గుప్పెడే సుమా. చదువుకుంటూ సంచీ పక్కన పెట్టుకుంటే సంచీ ఖాళీ అవుతుంది.

చోడంబలి (రాగి అంబలి) మన వైపుదే కదా, మీ ఇంట్లో తాగే ఉంటావు. పొద్దున బీచ్ రోడ్డు పక్కన బళ్ళ మీద అమ్ముతారు. మజ్జిగ, ఉల్లిపాయతో ఒక గ్లాసు తాగితే కడుపు నిండుగా ఉంటుంది. అయితే అది టిఫిన్‌కి బదులు. అంబలి తాగి వచ్చి మళ్ళీ నాలుగు పూరీలు తింటే చోళ్ళు ఏం చేస్తాయి పాపం!

టిఫిన్ బండి దగ్గర ఉడికించిన గుడ్లు దొరుకుతాయి, రోజుకొకటి తిను.

గాజువాక తమ్ముడు:

సరే, పౌడర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మరి నేను రోజూ బీచ్ రోడ్డు మీద అరగంట నడుస్తా, నెల అయినా ఒక్క కేజీ తగ్గలేదు. అదెందుకో చెప్పండి. చెమట మాత్రం చొక్కా పిండితే కారుతుంది.

పెదవాల్తేరు మాజీ హాస్టలర్:

నడిచాక ఏం తింటావు తమ్ముడూ?

గాజువాక తమ్ముడు:

ఏదో… మిరపకాయ బజ్జీ. రోజూ కాదు.

సీతమ్మధార డైటీషియన్:

ఒక పెద్ద చెంచా నూనె సుమారు 14 గ్రాములు, దాదాపు 120 కేలరీలు. అరగంట చురుకైన నడక కూడా రమారమి అంతే. బజ్జీలు పీల్చుకున్న నూనెతోనే నడక చెల్లయిపోయింది, శెనగపిండి లెక్క ఇంకా మొదలే కాలేదు. చెమట అంటావా, అది సముద్రపు గాలిలో తేమ. నీళ్ళు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది.

అలాగని నడక మానొద్దు. వారానికి 150 నిమిషాలు గుండెకూ, చక్కెర అదుపుకూ మంచిది. తగ్గిన బరువు మళ్ళీ రాకుండా కాపాడేది కూడా ఎక్కువగా అదే. బీచ్‌లో ఏమీ తినకుండా ఉండలేకపోతే కాల్చిన మొక్కజొన్న పొత్తు, నిమ్మకాయ రుద్దినది. లేదంటే మురీ (మరమరాల) మిక్చర్, ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయించుకుని, వేయించిన కారప్పూస తక్కువ వేయమని అడిగి.

అమ్మాయికి: నడకతో పాటు రూమ్‌లోనే కుర్చీ మీద కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, వారానికి మూడు రోజులు చెయ్యి. బరువు వారానికి ఒక్కసారే చూసుకో, ఒకే రోజు, ఉదయం పూట. నెలసరి ముందు నీరు చేరి కేజీ దాకా ఎక్కువ చూపిస్తుంది. ఆ వారం అంకె చూసి ఏడవకు.

ఎంవీపీ హాస్టల్ పిల్ల (ఆరు వారాల తర్వాత):

అందరికీ నమస్కారం. ఎలా ఉన్నానో చెప్దామని వచ్చాను.

హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. డాక్టరమ్మ 12 ఉండాలి అన్నారు, ఐరన్ మాత్రలు రాశారు. భోజనం అవ్వగానే టీ తాగుతావా అని అడిగారు. అవునన్నాను. అలా తాగితే తిన్న ఐరన్ సరిగ్గా ఒంటబట్టదట, గంటైనా ఆగమన్నారు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. నెలసరికి స్కానింగ్ రాశారు, సెలవుల్లో అమ్మతో కలిసి వెళ్తాను. అమ్మకి చెప్పాను. తిట్టలేదు.

టీ మూడు నుంచి ఒకటికి వచ్చింది, ఆ ఒకటీ సగం చక్కెరతో. గిన్నె కొన్నాను. వడ్డించే మామయ్య ఇప్పుడు నన్ను చూడగానే గరిటె అడుగు నుంచి తీస్తున్నాడు. మొలకలు రెండుసార్లు పాడయ్యాయి, మూడోసారి కుదిరాయి. పరీక్షల వారంలో అన్నీ వదిలేసి రాత్రి రెండింటికి నూడుల్స్ తిన్నాను, దాచడం ఎందుకు. ఆ తర్వాత సోమవారం మళ్ళీ మొదలుపెట్టాను.

71 నుంచి 68.8. నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. ఇంకా జుట్టు రాలుతోంది గానీ కళ్ళు తిరగడం లేదు.

ఇప్పుడు అసలు భయం. వచ్చే నెల సెలవులు. ఇంటి నిండా సువర్ణరేఖ మామిడి పళ్ళు, కొత్తావకాయ, అమ్మ చేతి వెన్న. ఆ నెల రోజులూ ఏం చేయాలి?

సీతమ్మధార డైటీషియన్:

జుట్టుకు మూడు నాలుగు నెలలు పడుతుంది, మాత్రలు ఆపకు. మామిడిపండు రోజుకొకటి తిను, భోజనం చివర కాకుండా సాయంత్రం చిరుతిండికి బదులు. వంద గ్రాముల గుజ్జులో 60 కేలరీలే, బజ్జీ కంటే ఎంతో నయం. రసం తీసి పాలూ చక్కెరా కలపొద్దు.

కంచరపాలెం అక్క:

కొత్తావకాయ తినకుండా ఎవరుంటారమ్మా! ముద్దపప్పు ఎక్కువ, అన్నం తక్కువ, నూనె తేలింది పక్కకి తోసి ముక్క వేసుకో. వెన్న మీ పిన్నికి పెట్టు.