మొర్రి గింజలు మొలవడం లేదు, ఎక్కడ తప్పు జరుగుతోంది?

ప్రాణహిత_గట్టు
నమస్తే. మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో అడవి అంచున గ్రామసభ తరఫున 200 మొర్రి మొక్కలు పెంచాలనుకుంటున్నాం (సారపప్పు చెట్టే, మరాఠీలో చారోళీ). సంతలో కొన్న గింజలు వేస్తే పదింటికి ఒకటి కూడా రాలేదు. పగలగొడితే పప్పు పసుపుపచ్చగా, కనరు వాసన. పాత చెట్లు ఏటేటా తగ్గుతున్నాయి, కింద పిల్లమొక్కలు నిలవడం లేదు. మొర్రి, జీడిమామిడి ఒకే కుటుంబం కదా, జీడిమామిడి మొక్క మీద అంటు కట్టవచ్చా?

నారుమడి
కనరు వాసనే జవాబు. పప్పులో దాదాపు సగం నూనె. అది చెడితే మొలక చచ్చినట్టే. సంత గింజ ఎన్నాళ్లదో తెలియదు. పైగా ఎవరు ముందు కోస్తే వాళ్లదే అన్న పోటీలో పచ్చికాయలే రాలగొడుతున్నారు, వాటిలో పప్పు నిండదు.

ఏప్రిల్, మే నెలల్లో కాయ నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా ఉన్నవే ఏరండి. రాత్రంతా నానబెట్టి గోనెపట్టా మీద రుద్ది గుజ్జు పూర్తిగా కడగండి. తేలిన గింజలు పారేయండి. ఆరబెట్టడం నీడలోనే.

అసలు పని పెంకు దగ్గర ఉంది. గింజను అంచు మీద నిలబెట్టి, పెంకు రెండు చిప్పలు కలిసే గీత వెంట కటింగ్ ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ‘టిక్’ అనగానే ఆపాలి. ఇంకొంచెం నొక్కితే పప్పు చితికి బూజు పడుతుంది, అసలు నొక్కకపోతే పెంకు మొలకను బయటికి రానివ్వదు. తర్వాత 24 గంటలు నానబెట్టి, అదే రోజు వేసేయండి.

మడిలో వేసి పీకి నాటొద్దు, తల్లివేరు తెగితే మొక్క కోలుకోదు. నేరుగా పొడవాటి సంచిలో మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమానంగా కలిపి, సంచికి రెండు గింజల చొప్పున సెంటీమీటరు లోతున పెట్టండి. పైన సన్నకన్ను జాలీ తప్పనిసరి, పప్పు వాసనకు ఉడతలు వస్తాయి. మట్టి తడిగా ఉంటే చాలు, నీళ్లు నిలిస్తే కుళ్లు. ఏడాది మొక్కను మరుసటి వానాకాలం నాటండి.

అంటుకత్తి
జీడిమామిడి మీద అతకదు. కుటుంబం ఒకటే అయినా జాతులు దూరం. మొర్రి అంటు మొర్రి మొక్క మీదే కట్టాలి. పెన్సిల్ మందం వేరుమొక్క (కింద వేళ్లుండే మొక్క), దాని మీద అతికించడానికి 10–15 సెంటీమీటర్ల కొమ్మ తీసుకోండి. కొమ్మకు వారం, పది రోజుల ముందే ఆకులు దూసేస్తే మొగ్గకళ్లు ఉబ్బుతాయి. వేరుమొక్కకు పెట్టిన 4 సెంటీమీటర్ల చీలికలో కొమ్మను దించి, పాలిథిన్ పట్టీ గట్టిగా చుట్టండి.

గుజరాత్‌లో గోధ్రా దగ్గరి వెజల్‌పూర్ ఉద్యాన ప్రయోగ కేంద్రం విడుదల చేసిన ‘థార్ ప్రియ’ రకం తోటకు మంచిదే. అడవి అంచుకు మాత్రం వద్దు. అక్కడ ఒకే చెట్టు అంటులు నింపితే రేపు ఒక తెగులుకే అన్నీ పోతాయి. కనీసం 20–30 చెట్ల నుంచి, వేర్వేరు వాగుల పక్క నుంచి గింజ తెండి. ప్రతి చెట్టు మీద కొన్ని కాయలు పిట్టలకు వదిలేయండి.

తునికాకు
నర్సరీ కంటే ముందు నిప్పు ఆపండి. ఇప్పపువ్వు ఏరడానికి ఆకులు తగలబెడతారు, తునికి పొదలకూ నిప్పు పెడతారు. ఆ రెండింటికే పిల్లమొక్కలు కాలిపోతున్నాయి. పాత చెట్టు చుట్టూ వేర్ల మీద పిలకలు వస్తాయి, వాటి చుట్టూ ఆకులు ఊడ్చి రెండు మీటర్ల ఖాళీ పట్టీ తీయండి. పశువులు రాకుండా ముళ్లకంప వేయండి. కాయ కోసేటప్పుడు కొమ్మలు నరకొద్దని గ్రామసభలో తీర్మానం చేయండి, కోత మొదలయ్యే తేదీ కూడా అక్కడే పెట్టుకోండి. తేదీ లేకపోతే పచ్చికాయ కోత ఆగదు.

ప్రాణహిత_గట్టు
ఆ పిలకలు తవ్వి వేరేచోట నాటొచ్చా?

తునికాకు
వద్దు. పిలక తల్లిచెట్టు వేరు మీదే బతుకుతుంది, సొంత వేళ్లు తక్కువ. తవ్వితే పిలక ఎండిపోతుంది, తల్లిచెట్టు వేరుకూ గాయం. ఉన్నచోటే కాపాడండి.