ఓటీపీ చెప్పకూడదని తెలిసినా చెప్పేస్తున్న పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. పిల్లల చేతిలో ఉండేది అమ్మానాన్నల ఫోనే; బ్యాంకు సందేశాలు, యూపీఐ అన్నీ అందులోనే. "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు" అని గోడపత్రం అంటించాను, సైబర్ మోసాల సహాయ నంబరు 1930 కంఠస్థం చేయించాను. అడిగితే తరగతంతా ఒక్క గొంతుతో అప్పజెబుతుంది.

కానీ ఉత్తుత్తి ఫోను చేసి "నాన్న స్నేహితుణ్ణి, నాన్నే అడగమన్నారు, త్వరగా చెప్పమ్మా" అనగానే ఓటీపీ అని కాగితం మీద రాసిచ్చిన ఆరు అంకెలూ చదివేస్తున్నారు. ఫోనులో ఆడే ఆటలో వజ్రాలు ఉచితమన్నా అంతే. పెద్దల మాట కాదనకూడదన్న అలవాటే అడ్డొస్తోందనిపిస్తోంది. బెదిరించి చెప్పడం నాకిష్టం లేదు. నిజంగా మోసపోయిన రోజున ఇంట్లో చెప్పకుండా దాచేస్తారు.

తొందరపెట్టే మాటను గుర్తుపట్టి ఫోను పెట్టేయడం తొమ్మిది, పదేళ్ల పిల్లలకు అలవాటయ్యేలా మీ తరగతిలో పనిచేసిన ఆట గానీ అభ్యాసం గానీ ఏమిటి?